పిండి మీద దుప్పటి

“గంటసేపు కుక్కర్ పెట్టొద్దు. రికార్డింగ్ ఉండాది,” అన్నారు ఆయన. ఫ్యాన్ ఆపాను. అత్తగారి టీవీ ఆపించాను. వంటింట్లో గిన్నె చప్పుడు కాకుండా కూరగాయలు తరుగుతూ కూర్చున్నాను.

మా ఆయన పురుషోత్తమ్ కర్ణాటకలోని చింతామణిలో కాలేజీ లెక్చరరు, జీవశాస్త్రం చెప్తారు. చాకవేలు, పరగోడు వైపు పల్లెల పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీ పుస్తకంలో ఇంగ్లీషు. బస్సు తప్పితే పాఠమూ తప్పుతుంది. వాళ్ళ కోసం తెలుగులో, ఉచితంగా, ఫోన్లో చూసుకునేలా పాఠాలు పెట్టమన్నది నేనే. బి.ఎస్సీలో నేను చదివింది సూక్ష్మజీవశాస్త్రం. ఎమ్మెస్సీ సీటు వచ్చిన ఏడాదే పెళ్ళి చేశారు. పాఠాలకు ఉదాహరణలన్నీ నేనే చెప్తాను, ఆయన రాసుకుంటారు. చలికాలంలో దోసెపిండి ఎందుకు పొంగదో, గిన్నెకు దుప్పటి కప్పితే ఆ వెచ్చదనానికి సూక్ష్మజీవులు ఎలా పని మొదలుపెడతాయో చెప్పినప్పుడు, “ఇది బాగుండాదే. ఈసారి పాఠంలో నీ పేరు చెప్తాలే,” అన్నారు.

పాఠం ఫోన్లోకి వచ్చిన సాయంత్రం చేతులు తుడుచుకుని వినడానికి కూర్చున్నాను. మాటలన్నీ నావే. నేను ఆగినచోటే ఆయనా ఆగారు. ఆ తర్వాత నవ్వారు. “పిండి పొంగకుంటే మా ఇంట్లో ఆమె ఏమంటాదో తెలుసా? దిష్టి తగిలిందంటాది. మిరపకాయలు తిప్పుతాది. అందుకే సైన్సు చదవల్ల, పిల్లలూ.”

మా ఇంట్లో మిరపకాయలు తిప్పేది అత్తగారు.

“నేనెప్పుడు తిప్పినాను?” అని అడిగాను.

“పిల్లోళ్ళు నవ్వల్ల గదా. దానికింత రాద్ధాంతమా?”

“పేరు చెప్తానన్నారు.”

సోఫాలోంచి అత్తగారు అందుకున్నారు. “నీ గురించే గదమ్మా చెప్పినాడు. ఊరంతా విన్యారు. ఇంకేం కావల నీకి?”

ఎవరైనా, ఎక్కడున్నా, పైసా కట్టకుండా, ఎన్నిసార్లైనా చూడొచ్చు అని ఈ పాఠాల గొప్పను ఆయనకు నచ్చజెప్పింది నేనే. ఇప్పుడు నా తెలివితక్కువతనం కూడా అంత సులభంగానే అందరికీ దొరుకుతుంది. రేపు మా చెల్లెలు చూస్తుంది. ఒకప్పుడు నాకు పాఠం చెప్పిన మేడమూ చూడవచ్చు. వాళ్ళకు ఆ నవ్వు వినబడుతుంది గానీ, దుప్పటి ఎవరిదో తెలియదు.

పాఠం కింద చాకవేలు నుంచి చైత్ర అనే అమ్మాయి రాసింది: “మా అమ్మ పిండికి దుప్పటి కప్పినాను సార్, పొంగింది. పాపం, మేడంకి కూడా మీరు నేర్పించండి సార్.”

పాపం అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింట్లోకి తొంగిచూశారు. “ఈ పొద్దు ఎంజైముల పాఠం. ఏదన్నా ఉదాహరణ చెప్పు బిరీన, టైమైతా ఉండాది.”

“దిష్టి తీసే ఆడదానికి అవన్నీ యాడ తెలుస్తాయి?” అన్నాను.

ఆయన చివరి గుండీ పెట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయారు. నేను ఫోను తీసుకుని చైత్ర మాట కింద రాశాను: “ఆ దుప్పటి కప్పింది నేనే, చైత్రా. నీకు ఏ అనుమానం వచ్చినా నన్నడుగు. ప్రతిమ, బి.ఎస్సీ.”

హాల్లోంచి “నమస్కారం పిల్లలూ” అని వినబడింది. నేను కందిపప్పు కడిగి, కుక్కర్ పొయ్యి మీద పెట్టాను.