చేతులెత్తే ఎన్నిక

ఓటేయనివాడంటే బాలమల్లుకు ఒళ్లుమంట. పోలింగ్ అయిన వారం పుస్తకం కొనడానికి ఎవరొచ్చినా ముందు వేలు చూసేవాడు. సిరాచుక్క కనబడకపోతే బేరం తర్వాత, చివాట్లు ముందు. "సెలవిచ్చింది పండుకోనీకి కాదు సారూ!" అనేవాడు.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలమ్మే నలభై ఆరుగురి సంఘానికి ఇరవై రెండేళ్లుగా ఆయనే ప్రెసిడెంటు. నీడలో ఎవరు కూర్చోవాలో, ఎండలో ఎవరు మాడాలో ఆయన మాటే శాసనం. పొద్దున ఆయన విజిల్ ఊదితేనే పుస్తకాల మూటలు విప్పేవారు. ఏటా ఎన్నికా జరిగేది. ఆయన లేచి నిలబడేవాడు, అందరూ చేతులెత్తేవారు, మెడలో దండ పడేది.

ఈ ఏడు మాత్రం ఎండ వరసలో కూర్చునే విజయ లేచింది.

"కాకా, సర్కారు ఓటేమో చాటుకెయ్యాలంటవ్. గీడనేమో నీ ముందట్నే చేతులెత్తమంటవ్. గిదేం పద్ధతి? చీటీలు పెట్టు. నేను గూడ నిలబడ్త. గెలిస్తే నీడ జాగ అందరికీ వంతులేస్త."

బాలమల్లుకు చురుక్కుమంది. అయినా ఊరందరికీ చెప్పే నీతి తన గడప దగ్గరికొస్తే కాదనడం ఎట్లా?

"పెడదాం బిడ్డా. నాకేం ఫికర్?" అన్నాడు. గెలుపు మీద ఆయనకు రవ్వంత అనుమానం లేదు మరి.

విప్పిన గొడుగు చాటున చీటీలు రాసి బిస్కెట్ డబ్బాలో వేశారు. అందరి ముందూ ఆయనే లెక్కపెట్టాడు. విజయకు ఇరవై ఏడు. తనకు పంతొమ్మిది.

నమ్మలేక చీటీలు మళ్లీ లెక్కపెట్టాడు, అదే లెక్క. ముఖం వాడిపోయింది. ఆ ముఖం చూడలేక గుంపులోంచి ఎవరో అరిచారు.

"గీ చీటీలు వద్దు! ఎప్పటిలెక్కనే చేతులెత్తుదాం. కాకానే ప్రెసిడెంటు!"

టపటపా అందరి చేతులూ లేచాయి. విజయది కూడా!

బాలమల్లు ఒక్కో చెయ్యీ చూశాడు. ఇందులో ఇరవై ఏడు ఇప్పుడే గొడుగు చాటున తనను కాదన్నవి. అంటే ఇన్నేళ్లూ మెడలో పడ్డ దండల్లో ప్రేమ ఎంతో, మొహమాటం ఎంతో! ముందు నవ్వొచ్చింది, వెనకే రోషమూ వచ్చింది.

"దించున్రి! మొహమాటానికి ఎత్తిన చెయ్యి నాకొద్దు. ఇరవై రెండేండ్లల్ల మీరు నాతోని నిజం చెప్పింది ఇయ్యాల్నే."

మెడలోని విజిల్ తీసి విజయ మెడలో వేశాడు.

మరుసటి ఆదివారం కొత్త వంతుల్లో ఆయనకు నడి ఎండలో జాగా వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. నాంపల్లి నుంచి ఏళ్లుగా పుస్తకాలకొచ్చే వామన్‌రావు మాస్టారు చూసి ఆగిపోయాడు.

"ఏంది బాలమల్లూ, ప్రెసిడెంటువి, నువ్వు ఎండల కూసున్నవేంది?"

బాలమల్లు మీసం దువ్వి, వరసంతా వినబడేటట్టు చెప్పాడు.

"మా తాన ఎలక్షన్ అయింది సారూ. అసలు సిసలుది. నేనే ఓడిన!"