రిజెక్ట్ బుట్ట

టైల్స్ ఫ్యాక్టరీలో అతనిది ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. బెల్టు మీద వరసగా వచ్చే పలకల్ని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకోవాలి, వేలి కణుపుతో తట్టి వినాలి. కంగుమంటే ముందుకు పంపాలి, మొద్దుగా పలికితే పక్కన పడేయాలి. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. వెంట్రుకంత గీత ఉన్నా, మూల ఆవగింజంత చిట్లినా అతని కంటి నుంచి తప్పించుకునేది కాదు. తోటివాళ్లు అతన్ని భూతద్దం అని పిలుచుకునేవారు. ఎదురుగా కాదుగాని, ఆ సంగతి అతనికి తెలుసు. లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

అలాంటి మనిషి ఇంటికొచ్చి వంకర క్యారెట్లు తినేవాడు.

దానికి కారణం అతని భార్య. స్కూల్లో సైన్సు ల్యాబు చూసుకునే ఉద్యోగం మానేసి, వీధి మలుపులో ఓ దర్జీ ఖాళీ చేసిన గదిని అద్దెకు తీసుకుని, చెత్త అన్నది పుట్టని దుకాణం ఒకటి తెరిచింది. అక్కడ కవర్లుండవు, ప్యాకెట్లుండవు. పప్పులూ పిండీ గాజు జాడీల్లో, నూనె కుళాయి ఉన్న పీపాలో. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోవాలి, ముందు ఖాళీ సీసా తూచుకోవాలి, ఆ తర్వాత నింపుకోవాలి. వీధివైపు కిటికీ కింద వెదురు బుట్టల్లో కూరగాయలు, పళ్లు. పొద్దున్నే రైతు తెచ్చి దింపినవి దింపినట్టే. గుమ్మం పక్కన ఓ నల్లబల్ల. దాని మీద రోజూ ఆమె ఒక అంకె చెరిపి ఇంకో అంకె రాసేది: ‘ఈ షాపు నుంచి చెత్తకుండీలోకి ఏమీ వెళ్లక 241 రోజులు.’ దారినపోయేవాళ్లు ఆగి చదివి, తలాడించి మెచ్చుకుని వెళ్లేవారు.

అబద్ధమేమీ కాదు. తొక్కలూ కాడలూ రైతు ఎరువుకు తీసుకుపోయేవాడు. కానీ మనిషి తినగలిగింది ఎరువు కాకూడదని ఆమె నియమం. అందుకని సాయంత్రానికి మిగిలిపోయిన మెత్తటి టమాటాలు, వడలిన పాలకూర, రెండు కాళ్లున్న ముల్లంగి, ముడతలు పడ్డ వంకాయలు అన్నీ సంచిలోకి ఎక్కి ఇంటికొచ్చేవి. ఆ 241 రోజులూ కుండీ ఉద్యోగం చేసింది తన పొట్టేనని భూతద్దానికి తెలుసు. బల్ల మీద ఆ సంగతి ఎవరూ రాయలేదు.

ఇంట్లో ఈ ఏర్పాటు అచ్చొచ్చింది అత్తగారు ఒక్కరికే. ఆవిడ కట్టుడుపళ్లు వదులై ఏడాదైంది. కొత్తవి కట్టించుకోమంటే, ఉన్నవాటికే అలవాటుపడటానికి ఆరేళ్లు పట్టిందని ఒప్పుకోలేదు. పొయ్యి ఎక్కకముందే సగం ఉడికినట్టుండే ఆ కూరగాయలు ఆవిడకు ప్రాణం. కూతురు షాపు పెట్టాకే తను కడుపునిండా తింటున్నానని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. అల్లుడు గుటకలు మింగుతూ వినేవాడు.

ఒకరోజు అతను తప్పు చేశాడు. ఫ్యాక్టరీ నుంచి వస్తూ పెద్ద సూపర్‌మార్కెట్లోకి దూరి, బిర్రుగా ప్లాస్టిక్ చుట్టిన రెండు కీరదోసకాయలు కొన్నాడు. బస్‌స్టాపులో నిలబడి మొదటిది కొరికాడు. ఆ చప్పుడుకి పక్కనున్నాయన తలతిప్పి చూశాడు. కంగుమన్న టైలుకు ఇది తీసిపోదని భూతద్దం అనుకున్నాడు. రెండోది కూడా అక్కడే ముగించాడు. తీరా చూస్తే దగ్గర్లో కుండీ లేదు. ప్లాస్టిక్కు మడిచి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు, మర్చిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆ ప్లాస్టిక్కు రెండు ముక్కలూ శుభ్రంగా ఉతికి, బట్టలారేసే తీగ మీద, అతని చొక్కాల మధ్య క్లిప్పులు పెట్టి ఆరేసి ఉన్నాయి.   భోజనాల దగ్గర వంకాయ కూర రెండోసారి తనే అడిగి వేయించుకున్నాడు. భార్య వడ్డిస్తూ, వచ్చే పంట గురించి మాట్లాడటానికి ఆదివారం రైతు దగ్గరికి వెళ్తున్నాననీ, ఆ రోజు షాపు ఎవరు చూసుకుంటారో తెలియడం లేదనీ అంది. ఎవరు చూసుకుంటారో ఆమెకు బాగానే తెలుసు. అతనూ తాళాలు తీసుకున్నాడు.

ఆదివారం షాపు తెరిచిన అరగంట దాకా ఎవరూ రాలేదు. ఊరికే కూర్చోవడం అతనికి చేతకాదు. బుట్టల దగ్గరికెళ్లి ఓ క్యారెట్టు తీసి తిప్పి చూశాడు. తర్వాత ఇంకోటి. చెయ్యి తన పని తాను మొదలుపెట్టింది. పది నిమిషాల్లో షాపులో ఉన్న కూరగాయలన్నీ రెండు భాగాలయ్యాయి. నిటారుగా, బిగువుగా, మచ్చలేకుండా ఉన్నవి బుట్టల్లోనే ఉండిపోయాయి. వంకరవీ, పగిలినవీ, మెత్తబడ్డవీ అన్నీ ఒక పెద్ద బుట్టలోకి చేరాయి. ఫ్యాక్టరీ అలవాటుకొద్దీ ఓ చీటీ మీద ‘రిజెక్ట్’ అని రాసి ఆ బుట్టకు గుచ్చాడు. రాశాక గోడవైపు చూసి నాలుక్కరుచుకున్నాడు. అక్కడ భార్య స్వయంగా వేసిన నవ్వుతున్న వంకర క్యారెట్టు బొమ్మ, దాని కింద ‘అందం చూడకండి, రుచి చూడండి’ అన్న అక్షరాలు. ఎనిమిది నెలలుగా ఆ క్యారెట్టు అలా నవ్వుతూనే ఉంది, జనం దాన్ని దాటుకుని వెళ్లి నిటారు క్యారెట్లు ఏరుకుంటూనే ఉన్నారు.

చీటీ తీసేద్దామనుకుంటుండగా ఎదురు బిల్డింగులో క్లినిక్కు నడిపే పళ్ల డాక్టరమ్మ లోపలికొచ్చింది. నేరుగా ఆ బుట్ట దగ్గరే ఆగింది.

“ఇదేంటండీ, రిజెక్టని రాశారు?”

అమ్మడం అతనికి రాదు. లోపం చెప్పడం వచ్చు. అదే చేశాడు.

“మొదటి రకం కాదని మేడమ్. ఈ టమాటా చూడండి, తొడిమ దగ్గర పగిలింది. దీనికి కత్తి పెట్టకండి, చేతిలోనే నీరైపోతుంది. గిన్నెలో నలిపేసి, మూతపెట్టి పది నిమిషాలు పొయ్యి మీద ఉంచండి. ఈ వంకాయ తొక్క ముడతపడింది కదా, లోపల బాగానే ఉంటుంది. అయితే వేపుడు చేయొద్దు, నూనె తాగేస్తుంది. కాల్చుకోవాలి.”

“మరి ఈ బీన్సు?”

“అవి వద్దు. పీచు. మా అత్తగారే కంచంలో పక్కన పెట్టేశారు.”

 కొనొద్దని చెప్పే షాపువాణ్ణి తను ఇంతకుముందు చూడలేదని డాక్టరమ్మ అంది. అతను వద్దన్న బీన్సు వదిలేసి, ఆ బుట్టలోవే సంచి నిండా తీసుకుంది. ఆవిడ వెళ్లి క్లినిక్కులో చెప్పింది కాబోలు, బుగ్గ వాచిన పేషంటు ఒకాయన వచ్చి మెత్తటివేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఆయన వెనక ఇద్దరొచ్చారు. భూతద్దం ప్రతి కాయనూ ఎత్తి చూపించి, దానికున్న అవలక్షణాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పి, దాన్నేం చేసుకోవాలో చెప్పేవాడు. 241 రోజుల అనుభవం కదా, దేనికీ తడుముకోలేదు. మధ్యాహ్నానికి రిజెక్ట్ బుట్టలో పీచు బీన్సు తప్ప ఏమీ మిగల్లేదు. మొదటి రకం బుట్టల మీద చెయ్యి పడితే ఒట్టు.

సాయంత్రం భార్య వచ్చి, ఖాళీ అయిన పెద్ద బుట్టనూ నిండుగా ఉన్న మిగతా బుట్టల్నీ చూసింది.

“ఏం చెప్పి అమ్మారు?”

“లోపాలు చెప్పాను.”

“లోపాలా?”

“ఉన్నవే చెప్పాను. కల్పించలేదు.”

ఆమె గోడ మీద బొమ్మ వంక చూసింది. ఎనిమిది నెలలు బతిమాలినా వినని జనం, ఈయన ఒక్క పూట తిట్టిపోస్తే ఎగబడ్డారు. కోపపడాలో సంతోషించాలో ఆమెకు తోచలేదు. చివరికి కుర్చీ ఎక్కి ఆ బొమ్మ ఊడదీసింది. కాగితం పారేయడం ఇష్టం లేక దాని వెనకవైపు గుండ్రటి అక్షరాలతో ‘రిజెక్ట్’ అని రాసి, అతని చీటీ తీసేసి అది గుచ్చింది. “మీ రాత ఎవరికీ అర్థం కాదు,” అంది. భూతద్దానికి మాత్రం ఆ మాట మెచ్చుకోలుగానే వినిపించింది.

ఆ రోజు ఇంటికి మొదటి రకం వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత లేత బీన్సు. విరిస్తే టప్పుమన్నాయి. అతను కూర రెండుసార్లు కాదు, మూడుసార్లు వడ్డించుకున్నాడు. అత్తగారు మాత్రం రెండు ముద్దలు నమిలి, పళ్లు చేత్తో సర్దుకుని, కంచం పక్కకు జరిపింది. షాపులో అన్నీ ఇలా పచ్చివే అమ్ముతున్నారా అని కూతుర్ని అడిగింది.

ఆ తర్వాత నెలా నెలన్నరలో సంగతి చాలా దూరం పోయింది. అతను షాపులో కూర్చునే ఆదివారాల్లో రిజెక్ట్ బుట్ట కోసం జనం తెరవకముందే వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. ధర రెండిటికీ ఒకటే, అయినా లెక్కచేయలేదు. మెత్తబడ్డవి మెత్తబడినట్టే అమ్ముడుపోయి, వంకరవి చాలకుండా వచ్చేవి. భార్య రైతుకు ఫోను చేసి వంకరవి ఇంకాస్త ఎక్కువ పంపమంది. ఇన్నాళ్లూ మరీ వంకరవి ఏరి పశువులకు వేసి, మంచివి మీకు పంపినందుకా ఈ శిక్ష అని ఆయన వాపోయాడు. అయినా పంపాడు. ఓ ఆదివారం పళ్ల డాక్టరమ్మ బుట్టలోంచి ఒక క్యారెట్టు తీసి, గీత గీసినట్టు నిటారుగా ఉన్న దాన్ని అతని ముందు పెట్టి, ఇందులో లోపమేముందో చూపించమంది. అతను తిప్పి చూశాడు, తట్టి చూశాడు, వెలుగుకు పట్టి చూశాడు. ఏమీ లేదు. క్షమించమని దాన్ని తీసేశాడు. ఆ తర్వాత నుంచి షాపు తెరిచే ముందు అతని పని మారిపోయింది: రిజెక్ట్ బుట్టలోకి పొరపాటున జారిన మంచివాటిని పట్టుకుని పక్కన పడేయడం. ఫ్యాక్టరీలో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు.

ఈ గొడవలో దెబ్బతిన్నది అత్తగారు. ఇంటికి మెత్తటిది రావడం పూర్తిగా ఆగిపోయింది. కూతుర్ని అడిగితే అయిపోయాయంది. అల్లుణ్ణి అడగడానికి ఆవిడకు మొహమాటం. మూడు వారాలు చారులో అన్నం నానబెట్టుకుని తిని, నాలుగో ఆదివారం పొద్దున్నే తలదువ్వుకుని, గుడ్డసంచి పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వచ్చి షాపు ముందు వరసలో నిలబడింది. షాపు యజమానురాలి తల్లినని ఎవరితోనూ అనలేదు. ఆవిడ ముందు డాక్టరమ్మ ఉంది. డాక్టరమ్మ వంతు ముగిసేసరికి బుట్ట అడుగు కనిపించింది.

భూతద్దం తలెత్తి చూసి తడబడ్డాడు.

“అత్తయ్యగారూ, మీరేంటి ఇక్కడ?”

“కొనుక్కుందామని వచ్చాను అల్లుడుగారూ. లోపల దాచినవేమైనా ఉన్నాయా?”

ఉండి ఉంటే బాగుండేదని అతనికి మనసారా అనిపించింది. లేవని చెప్పాడు. సంచి సర్దుకుంటున్న డాక్టరమ్మ ఆ మాట విని, పెద్దావిడ దవడ కదలిక ఓసారి గమనించి, తన వంకాయల్లో సగం తీసుకోమంది. పళ్లు సరిచేయించుకోవాలంటే క్లినిక్కు ఎదురుగానే ఉందని కూడా అంది. అత్తగారు రెండూ వద్దంది. ఒకరి సంచిలోది తీసుకునే అలవాటు తనకు లేదంది. అని, మొదటి రకం బుట్టల దగ్గరికి నడిచి, లేత బీన్సు దోసెడు, నిగనిగలాడే వంకాయలు నాలుగు, రాయిలాంటి టమాటాలు ఆరు ఏరుకుంది.

“ఇవి మీరు నమల్లేరండీ,” అన్నాడు అల్లుడు.

“ఇప్పుడెవరు తింటున్నారు? నా గది కిటికీలో ఎండ బాగా పడుతుంది. నాలుగు రోజులుంచితే అవే దారికొస్తాయి.”

ఆ సాయంత్రం నుంచి ఆవిడ కిటికీ గట్టు మీద, పాత దినపత్రిక పరిచి, ఆ కూరగాయలు వరసగా ఎండకు కూర్చున్నాయి. ఆవిడ పూటకోసారి వేలితో నొక్కి చూసేది, ఇంకా కాలేదని తల అడ్డంగా ఊపేది. ఇంట్లోకి వేరే కూరగాయలు తేవద్దని, ఇవి చాలునని కూతురికి చెప్పింది. ఉన్నవి తినకుండా కొత్తవి తేవడం కూతురి నియమానికీ విరుద్ధమే, వెంటనే ఒప్పుకుంది.

మర్నాడు భూతద్దం డ్యూటీ నుంచి వచ్చి, ఆ గది ముందు కాసేపు ఆగి, బీన్సు ఒకటి తీసుకోవచ్చా అని అడిగాడు. అత్తగారు చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తలేదు.

“గురువారం దాకా ఆగండి బాబూ,” అంది.