భోజనాల గదిలో నిశ్శబ్దం

మళ్ళీ ఎవరో దగ్గారు. సౌండ్ చూసే డొమినిక్ విసుగ్గా హెడ్‌ఫోన్లు తీసేశాడు.

ఏ గదిలో షూటింగ్ చేసినా, చివర్లో అందరినీ కదలకుండా కూర్చోబెట్టి ఆ గది నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేసుకోవడం సినిమావాళ్ళ పద్ధతి. తర్వాత మాటల మధ్య సందుల్లో దాన్ని అతుకుతారు. న్యూఫౌండ్‌లాండ్‌లోని ఆ పీతల ఫ్యాక్టరీ భోజనాల గదిలో ఆ కాసేపే దొరకడం లేదు. పొద్దుటినుంచీ పీతలు ఉడికే ఆవిరి పీల్చిన ఆడవాళ్ళు బల్ల చుట్టూ నోటికి చేతులు అడ్డుపెట్టుకుని కూర్చున్నారు. చెయ్యి అడ్డుపెడితే దగ్గు ఆగుతుందా?

డైరెక్టర్ వెర్నా ఈ ఊరి పిల్లే. ఇరవై ఏళ్ళు ఎవరెవరి ఊళ్ళ కష్టాల మీదో డాక్యుమెంటరీలు తీసి పేరు తెచ్చుకుని, ఇప్పుడు తన తల్లి కథను సినిమాగా తీస్తోంది. ఆ తల్లి ఈ బల్ల దగ్గరే ఏళ్ళ తరబడి తిని, ఈ దగ్గుతోనే పోయింది. తెర మీద ఆవిడ వేషం, ఆవిడ పక్కన పనిచేసిన ఫిలొమీనాది.

"దగ్గేవాళ్ళని బయటికి పంపించెయ్యమ్మా, పనైపోద్ది," అన్నాడు ఫ్యాక్టరీ మేనేజర్ లెస్టర్ గుమ్మానికి ఆనుకుని నవ్వుతూ.

ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఒక్కొక్కరే లేచారు. కాసేపటికి బల్ల దగ్గర ఒక్కరూ మిగల్లేదు.

వెర్నా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింది. ఫ్రిజ్ రొద తప్ప ఏమీ లేదు. బాగుందన్నట్టు డొమినిక్ తలూపాడు. అమ్మ పోయాక ఇల్లు అచ్చం ఇలాగే ఉండేది. వెర్నాకు ఒళ్ళు మండిపోయింది.

"అందర్నీ లోపలికి రమ్మను. ఈ గది ఇలా ఉండదు. దగ్గుతోనే రికార్డు చేద్దాం," అంది డొమినిక్‌తో.

లెస్టర్ నవ్వు ఆగిపోయింది. "ఆ దగ్గు సినిమాలో వినపడిందంటే రేపట్నుంచి గేటు తియ్యను. మిగతాది మీ ఇంట్లో తీసుకో."

మిగిలినవి పీతలు ఉడికించే హాలు సన్నివేశాలు. అవి లేకపోతే సినిమాయే లేదు. వెర్నా, అప్పటికే మిగతావాళ్ళతో లోపలికొచ్చిన ఫిలొమీనా వైపు తిరిగింది. "పిన్నీ, నాకు పోతే సినిమా పోద్ది. నీకు పనే పోద్ది. వద్దంటే ఆపేస్తాను."

"జీతం కోసేస్తారని మీ అమ్మ చేతిరుమాల్లో దగ్గేది. చూసి నేనూ నేర్చుకున్నా," అంది ఫిలొమీనా కుర్చీ లాక్కుంటూ. "గంటకి పదిహేను డాలర్లకి చేతులు అమ్ముకున్నానుగానీ, గొంతు కూడా అమ్మానా ఏంటి? నువ్వు తియ్యవే పిల్లా. ఏయ్ లెస్టరూ, ఉంటే ఉండు, మాట్లాడకు. రికార్డవుతోంది."

డొమినిక్ మీట నొక్కాడు. ఎవరూ కదల్లేదు. ఫిలొమీనా నోటికి అడ్డుపెట్టుకున్న చెయ్యి తీసి బల్ల మీద పెట్టి, గుండెలు అదిరేలా దగ్గింది.