పన్నెండో అట్ట

ట్రాక్టరు ట్రాలీ వెనక రేకు మీద ‘సామేలు’ అన్న పేరులో చివరి అక్షరానికి తోక తిప్పుతున్నాడు భూమన్న. ఎడమచేతిలో మూరెడు కర్ర, దాని కొసకు గుడ్డ చుట్టిన ఉండ. ఆ ఉండను రేకుకు ఆనించి, కర్ర మీద కుడి మణికట్టు పెట్టి, ఊపిరి బిగబట్టి బ్రష్షు లాగాడు. గీత సన్నగా మొదలై, మలుపు దగ్గర లావెక్కి, చివర మళ్ళీ వెంట్రుకంత సన్నమై ఆగింది. అప్పుడు ఊపిరి వదిలాడు. అరవై తొమ్మిదేళ్ళ చెయ్యి అది. చాయ్ గ్లాసు పట్టుకుంటే వణుకుతుంది, బ్రష్షు పట్టుకుంటే వణకదు. ఎందుకో డాక్టరు చెప్పలేకపోయాడు. భూమన్న అడగనూ లేదు.

కోరుట్ల బస్టాండు వెనక సందులో ఒక రేకుల కొట్టం అతని దుకాణం. మనిషి పొట్టి. చెవుల మీద తెల్లవెంట్రుకలు, గోళ్ళ చుట్టూ ఎన్ని సబ్బులకూ వదలని ఎరుపు, నీలం. ఫ్లెక్సీలు వచ్చాక దుకాణాల బోర్డులు పోయాయి. ట్రాక్టర్లు, ఆటో నంబర్లు, షట్టర్లు, బడి గోడలు మిగిలాయి. అన్నీ అక్షరాలే. ఎవరైనా ట్రాలీ మీద గుర్రమో పులో వెయ్యమంటే జగిత్యాలలో ఇంకో పెయింటరు పేరు చెప్పి పంపేవాడు. భూమన్నకు బొమ్మలు రావని ఊళ్ళో అందరూ అనుకునేవారు. అతనూ కాదనలేదు.

పదకొండు గంటలకు భుజాన సంచితో ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. పేరు రచన, సిరిసిల్ల నుంచి వచ్చానని చెప్పింది. వాళ్ళది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేసే ఇల్లట. హైదరాబాదులో డిజైన్ చదివి, ఇప్పుడు దుకాణాల్లో అమ్మే సామాను పెట్టెల మీద బొమ్మలు, అక్షరాలు తయారుచేసే ఉద్యోగం చేస్తోందట. భూమన్న స్టూలు తుడిచి ఇచ్చాడు. ఆమె కూర్చోకుండానే సంచిలోంచి ఒక పాత అట్ట తీసి చూపించింది.

అరచేతి కన్నా కొంచెం పెద్ద అట్ట. అంచులు చివికిపోయాయి. దాని మీద నీలి ముసుగు, పసుపు చొక్కా, వెనక ఎగిరే ఎర్ర వస్త్రంతో ఆకాశంలో దూసుకుపోతున్న వీరుడు. మధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్ మూత ఉండిన చోట జిగురు మరక మిగిలి ఉంది. ఒకప్పుడు ఆ మూత కింద వేలెడు ప్లాస్టిక్ బొమ్మ ఉండేది.

భూమన్న బ్రష్షును కిరోసిన్ డబ్బాలో ముంచి, తీసి, తుడిచి, మళ్ళీ ముంచాడు.

నలభై ఏళ్ళ కిందటి సంగతి. జగిత్యాలలో ఒక సేటు ప్లాస్టిక్ బొమ్మల షెడ్డు పెట్టాడు. దుబాయి నుంచి వచ్చినవాళ్ళు పిల్లలకు తెచ్చిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు ఎక్కడెక్కడివో పోగుచేసి, వాటిలోంచి పేజీలు చింపి భూమన్నకు ఇచ్చాడు. ఉన్నది ఉన్నట్టు దించమన్నాడు. పన్నెండు అట్టలకు పన్నెండు బొమ్మలు. అచ్చయి వచ్చాక ధర్మపురి జాతరలో తోరణాల్లా వేలాడదీసి అమ్మారు. పిల్లలు ఎగబడ్డారు. ఇరవై తొమ్మిదేళ్ళ భూమన్న ఆ కొట్టు పక్కనే రోజంతా నిలబడి చూశాడు. సాయంత్రం గల్ఫ్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తన కొడుకు పుస్తకం తెచ్చి అట్ట పక్కన పెట్టి, దీన్ని చూసి నకలు కొట్టారని పదిమందిలో నవ్వాడు. గీసింది ఎవరని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని భూమన్న జనంలోంచి తప్పుకుని బస్సెక్కాడు. ఆ తర్వాత బొమ్మ వెయ్యలేదు. ఈ సంగతి భార్య బాలలక్ష్మికి కూడా చెప్పలేదు.

రచన మేనమామ చిన్నప్పుడు ఆ అట్టలన్నీ దాచుకున్నాడట. ఆయన ట్రంకులో దొరికినప్పటి నుంచి రెండేళ్ళుగా ఆమె వాటి వెంట పడింది. ఏ అట్ట మీది వీరుడు ఏ పుస్తకంలో, ఏ పేజీలోంచి వచ్చాడో వెతకడం మొదలుపెట్టింది. అమెరికాలో, లండన్లో పాత పుస్తకాలు దాచుకునే వాళ్ళకు ఉత్తరాలు రాసి, కంప్యూటర్లో వేల పేజీలు తిప్పిందట. ప్రతి అట్ట మీదా ఎర్ర వస్త్రం మడతలో చీమంత ‘భూ’ కనిపించింది. జగిత్యాలలో అప్పట్లో వాటిని అచ్చువేసిన ప్రెస్సు నడిపిన రమణను పట్టుకుంటే ఆయన కోరుట్ల పేరు చెప్పాడు.

చెబుతూ చెబుతూ నేల మీద పాత పేపరు పరిచి, అట్టలను వరుసగా పేర్చింది. ఒక్కో అట్ట పక్కన అది పుట్టిన పేజీ నకలు. పదకొండు జతలు. చెయ్యి ఎత్తిన తీరు, మెడ తిప్పిన తీరు, మబ్బుల వరస, అన్నీ సరిగ్గా సరిపోతున్నాయి.

భూమన్న వాటి మీదికి వంగలేదు. నిలబడే అన్నాడు.

“నకలు కొట్టినవని చెప్పనీకె అచ్చినవా బిడ్డా?”

“కాదు తాతా. పుస్తకాలల్ల లేనిది ఒకటున్నది. అడుగుదామని వచ్చిన.” ఆమె ఒక జత తీసి అతని చేతిలో పెట్టింది. “గీ కాళ్ళు ఏడికెళ్ళి వచ్చినయి?”

భూమన్న జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాడు. పుస్తకంలోని వీరుడి కాళ్ళు రెండూ బాణాల్లా నిటారుగా వెనక్కి సాగి ఉన్నాయి. అట్ట మీద అలా లేవు. మోకాళ్ళు పక్కలకు విచ్చుకుని, అరికాళ్ళు రెండూ ఒకదానికొకటి ఎదురుగా తిరిగి, మధ్యలో దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు ఉన్నాయి. బూట్ల లోపల కూడా వేళ్ళు ముడిచినట్టు గీత వంగింది. రెండో అట్ట చూశాడు. మూడోది చూశాడు. ఇప్పుడు నేల మీద గొంతుక్కూర్చుని పదకొండూ చూశాడు. అన్నింటిలోనూ అవే కాళ్ళు.

తను మార్చిన సంగతి అతనికి తెలియదు. ఉన్నది ఉన్నట్టు దించాననే నలభై ఏళ్ళు అనుకున్నాడు.

రచన పన్నెండో అట్ట తీసింది. ఇది ఎంత వెతికినా ఏ పుస్తకంలోనూ దొరకలేదంది. ఇందులో వీరుడు ఎగరడం లేదు. గాలిలో వెనక్కి వాలి, నడుముకు చుట్టుకున్న మెరుపు తీగ మీద బరువంతా వేసి, ఒక చెయ్యి పైకి చాచి ఉన్నాడు. కింద చాలా లోతున చిన్న చిన్న ఇళ్ళు.

భూమన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అట్ట మీద దుమ్ము లేకపోయినా బొటనవేలితో తుడిచాడు.

“గిది పుస్తకంలది కాదు. మా బాపు.”

సేటు పన్నెండో పేజీ ఎక్కడో పారేసుకున్నాడని, ఏదో ఒకటి వేసి తొందరగా తెమ్మన్నాడని చెప్పాడు. వెయ్యడానికి కూర్చుంటే అంత ఎత్తున నిలబడే మనిషి తనకు తెలిసినవాడు ఒక్కడే. తండ్రి ఎల్లాగౌడు తాటిచెట్లు ఎక్కేవాడు. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు తాడు చుట్టుకుని, దాని మీద వెనక్కి వాలి, కల్లు గీసేవాడు. భూమన్న ఆ చెట్టును తీసేశాడు. మోకును మెరుపు తీగ చేశాడు. ముసుగు తొడిగాడు. సేటు చూసి, ఇదే అన్నిటికన్నా బాగుందన్నాడు.

“నలభై ఏండ్లు ఎక్కిండు. ఒక్కనాడు పడలె,” అన్నాడు భూమన్న. “చిన్నప్పుడు నేను కింద నిలవడి చూస్తుంటి. మొకం కనవడకపోతుండె బిడ్డా. పాదాలే కనవడుతుండె.”

ఆ మాట అన్నాక తనే ఆగిపోయాడు. నేల మీది పదకొండు అట్టల వైపు చూశాడు. రచన కూడా చూసింది.

“మీరు నకలు కొట్టింది పైన సగమే తాతా,” అంది నెమ్మదిగా.

భూమన్న అద్దాలు తీసి, లుంగీ అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయి చేతిలోనే పట్టుకున్నాడు.

సిరిసిల్లలో ఈ అట్టలను పుస్తకాల పేజీలతో కలిపి జనం చూసేలా పెట్టాలని ఉందని, కింద గీసినవారి పేరు రాయవచ్చా అని ఆమె అడిగింది. అతను ఆలోచించి ఆమె నోటుబుక్కు తీసుకున్నాడు. జేబులోని పెన్సిలుతో బోర్డుకు రాసినట్టు నిలువు కొలిచి, అడుగు గీత గీసి, రెండు పేర్లు రాసి ఇచ్చాడు. పైన ఎల్లాగౌడు, కింద భూమన్న. వేములవాడ మీదుగా వెళ్ళే బస్సు దాకా వెంట నడిచాడు. కిటికీ పక్కన సీటు దొరికిందా అని బయటి నుంచి చూసి, దొరికాక వెనక్కి తిరిగాడు.

సందులో సామేలు ట్రాలీ దగ్గర నిలబడి పేరు ఎండిందో లేదో చూస్తున్నాడు. పసుపు పండించే రైతు. పంట తవ్వడం అయిపోయింది, రెండు రోజుల్లో బండికి పని ఉంది. పేరు కింద ఖాళీగా ఉన్న చోట ఒక బొమ్మ వేస్తానని భూమన్న అన్నాడు.

“నీకు బొమ్మ అస్తదా అన్నా?”

“సూత్తం,” అన్నాడు భూమన్న.

సామేలు నవ్వి చాయ్ తాగడానికి వెళ్ళాడు. బాలలక్ష్మి ఇంటి నుంచి ఫోన్ చేసి అన్నానికి పిలిస్తే, ఇది కాగానే వస్తానన్నాడు. ముందు సుద్దతో ఒక నిలువు గీత గీశాడు. ఈసారి చెట్టును తీసెయ్యలేదు, మోకునూ దాచలేదు. నల్లటి మొద్దు, దానికి రెండు పక్కలా అతుక్కున్న అరికాళ్ళు, మోకాళ్ళు, నడుము. కింది నుంచి పైకి, పిల్లవాడు తలెత్తి చూసినట్టు వేసుకుంటూ పోయాడు. ముఖం దగ్గరకు వచ్చేసరికి ఎండ ట్రాలీ చక్రాల మీదికి దిగింది. ముసుగు వెయ్యలేదు. చిన్న ముఖం, తెల్లటి తలగుడ్డ, కళ్ళు కిందికి చూస్తున్నాయి.

దూరం నుంచి ఎలా ఉందో చూడడానికి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని పది అడుగుల అవతల వేసుకున్నాడు. బాలలక్ష్మి అన్నం గిన్నె తీసుకుని తనే వచ్చింది. మొదట ట్రాలీ వైపు చూసి, ఇదెవరు వేశారని అడిగింది. జవాబు రాలేదు. కుర్చీలో అతను ఒళ్ళో చేతులు పెట్టుకుని, కొంచెం మెడ ఎత్తి కూర్చునే ఉన్నాడు. భుజం పట్టుకుని కదిపాక ఆమెకు అర్థమైంది. గిన్నె కింద పెట్టి, కుర్చీ చెయ్యి పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుంది.

మూడో రోజు సామేలు ట్రాలీ తీసుకువెళ్ళాడు. పసుపు బస్తాలతో మార్కెట్టుకు పోతుంటే వెనక మోటారు సైకిళ్ళ వాళ్ళు వేగం తగ్గించి చూశారట. అదే రోజు రచన ఫోన్ చేసింది. బాలలక్ష్మి ఆమెకు భూమన్న పోయిన సంగతి చెప్పి, బొమ్మ ఫోటో తీసి పంపమని సామేలుకు చెబుతానంది.

తరవాత బాలలక్ష్మి దుకాణానికి తాళం వెయ్యడానికి వచ్చింది. బల్ల మీద తెల్లరంగు డబ్బా మూత లేకుండా ఉంది. పైన మీగడలా గట్టి పొర కట్టింది. వేలితో నొక్కి చూసింది. పొర కింద రంగు ఇంకా పచ్చిగానే ఉంది.