సీర అంచు కట్టిన మూడు మూటలు

ఆరుద్ర కార్తెలో వాన పడిందంటే మాకు అయిదు దినాలే టైము. మాది హొళగుంద పక్కన ఎర్రనేల. ఆ అయిదు దినాల్లో ఇత్తనం పడల్ల, ల్యాకుంటే నేల పదును ఆరిపోయి ఇత్తనమేసే గొర్రు దిగదు. ఈ సంగతి ఢిల్లీలో ఎవురికన్నా తెలుసునో ల్యాదో నాకు తెల్దు. తెలిసింటే నా గతి ఇట్ల అయ్యేది కాదు.

నా పేరు చౌడమ్మ. నాకూ మా ఆయన తిక్కయ్యకూ ఉండేది మూడెకరాల సేను. మా ఊర్లో ఎలకలు జాస్తి. అందుకని శెనక్కాయలు పండినాక మంచివి ఏరి, ఇత్తనానికని మూటలు కట్టి, ఆదోనిలో చెన్నకేశవులు శెట్టి నూనె మిల్లు గోడౌన్లో పెడతాము. వాళ్ల నాయన కాలం నుంచీ అదే వాడిక. సిమెంటు గచ్చు, ఎలక రాదు, చెమ్మ రాదు. చీటీ గీటీ ఏమీ ఉండదు. ఎవురి మూట ఏదో తెలిసేదానికి ఎవురి సీర అంచు వాళ్లు సించి మూతికి కడతాము. నాది పచ్చ సీర, ఎర్రంచు. మూడు మూటలు.

వాన పడిన మర్నాడే మొదటి బస్సుకు ఇద్దరమూ ఆదోనికి పోతిమి. గోడౌన్ తలుపుకు రెండు కొత్త తాళాలు ఏలాడతాండాయి.

"ఏమప్పా మద్దయ్యా, ఇదేంది?" అని కావలాయన్ను అడిగినా.

"మిల్లు అమ్మినారు గదక్కా. నీకు తెల్దా?" అన్యాడు.

నాకెవురు సెప్తారు? నేరుగా శెట్టి దగ్గరికి పోయినా. ఆయన కుర్చీ సూపించినాడు. నేను కూర్చోలేదు.

"చౌడమ్మా, ఒక పెద్ద కంపెనీకి మిల్లు అమ్మినాను. సరుకంతా లెక్కపెట్టి ఆ పొద్దే తాళాలు ఏసినారు. ఒక తాళంచెవి నా దగ్గర, ఇంకొకటి వాళ్ల మనిషి యశ్వంత్ దగ్గర. కంపెనీ యజమాని పరాయి దేశమాయన. ఆయన వెనక ఏ దేశమోళ్ల సొమ్ముందో, మన దేశానికి ఏమన్నా ముప్పుందో తేల్చినాకే ఢిల్లీవాళ్లు పర్మిషన్ ఇస్తారు. అంతవరకూ లోపలి గింజ లోపలే ఉండల్లని ఒప్పందం."

"మరి నా మూటలు కూడా అమ్మినావా శెట్టీ?"

శెట్టి తల దించుకున్యాడు. "మీ ఊరి పదకొండు ఇండ్లోళ్ల మూటలు వేరే అని నేను చెప్పల్సింది. ఆ పొద్దు మతికి రాలేదు. అన్నీ కలిపి కంపెనీ సరుకని రాసుకున్యారు."

మతికి రాలేదంట. నా పెండ్లయినప్పట్నుంచీ ఏటేటా అదే మూలన పెడతాండాము, ఆయన కండ్ల ముందరే. "తాళం తియ్యి, నాయి నేను తీసుకుంటా" అంటే, తీస్తే తన మీద కేసు పడతాదంటాడు. యశ్వంత్‌కు ఫోన్ చేయించినా. "నేనింకా ఓనర్ని కాదాంటీ, శెట్టిగారినే అడగండి" అని పెట్టేసినాడు. ఒకాయన నాది కాదంటాడు, ఇంకొకాయన నాది ఇంకా కాలేదంటాడు. నాదే అని నేనంటే యినేవాడు ల్యాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కొని తినానియ్యదు అంటారే, అట్లుండాది వీళ్ల యవ్వారం.

మూడో దినం ఈ అమ్మకం సంగతి తేల్చే ఎంక్వైరీ ఆఫీసరు మిల్లుకు వస్తాండాడని మద్దయ్య ఫోన్ చేసినాడు. పెట్టెలో నుంచి ఆ పచ్చ సీర తీసి కట్టుకున్యా. "అంచు సించిన పాత సీరతో ఆఫీసరు ముందరికా?" అన్యాడు తిక్కయ్య. "నా కాయితం ఇదే, నోరు మూసుకొని రా" అన్యా.

ఆఫీసరు మర్యాద తెలిసిన మనిషి. నిలబడే యిన్యాడు. "అమ్మా, ఇది చిన్న విషయం కాదు. ఒక్కొక్క నూనె మిల్లే బయటి దేశాల చేతికి పోతే, రేపు వాళ్లు సరుకు ఆపేస్తే మనం ఏం తినాలి? అందుకే చూస్తున్నాం" అన్యాడు.

"న్యాయమే సారూ. అడగల్ల. నేనైనా అడుగుతా. మనం తినే తిండి ఎవురి చేతిలో ఉండాదో సూసుకోకుంటే ఎట్ల? కానీ ఆ తిండి పండేది ఈ మూటల్లోని ఇత్తనంతోనే గదా" అని ఆయన్ను గోడౌన్ కిటికీ దగ్గరికి పిల్చుకపోయినా. మూలన నా మూడు మూటలు కనపడతాండాయి. మూతికి ఎర్రంచు. నా సీర కొంగు పక్కన సించిన సోటు పట్టుకొని సూపించినా. ఆయన కిటికీలోకి సూసినాడు, నా సీరను సూసినాడు.

"మీవే అమ్మా. నాకు నమ్మకమే. కానీ చీర డాక్యుమెంట్ కాదు కదా. అర్జీ రాసివ్వండి, పైకి పంపిస్తాను. ఇరవై రోజుల్లో జవాబు వస్తుంది."

"పదును ఇంక రెండు దినాలే సారూ."

ఆయన కండ్లద్దాలు తుడుచుకున్యాడు. అర్జీ మటుకు ఆయనే రాసి నాతో ఏలిముద్ర ఏయించుకున్యాడు. మంచోడే. ఆ మంచితనం నా సేనికి పనికొచ్చేది కాదు.

నాలుగో దినం ఎమ్మిగనూరు అంగళ్లన్నీ తిరిగినాము. ఇత్తనం అయిపోయిందన్యారు. అయిదో దినం ఊర్లో అందరూ గొర్రు కట్టి ఇత్తనం ఏస్తాండారు, మా పదకొండు ఇండ్లోళ్లు తప్ప. తిక్కయ్య ఎద్దుల్ను కట్టి, మల్లా ఇప్పేసి, గట్టు మీద కూర్చున్యాడు. ఆరో దినం ఎండ కాసింది. కాలితో తన్నితే మన్ను గట్టిగా తగిలింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎవుర్ని తిట్టల్లనో తెలీక తిక్కయ్యను తిట్టినా, పాపం. ఆఖరుకు సేను బీడు పెట్టలేక ఆలస్యంగా కొర్రలు సల్లితిమి. అవి ఎద్దుల మేతకే సరిపోయినాయి.

నా అర్జీకి జవాబు రాలేదు గానీ, దసరా పోయినాక ఢిల్లీ నుంచి శెట్టికి కాయితం వచ్చింది. ముప్పేమీ ల్యాదు, కొనుక్కోవచ్చు అని. శెట్టే ఫోన్ చేసినాడు. "మీ మూటలు భద్రంగా ఉండాయి చౌడమ్మా, ఒక గింజ పోలేదు. వచ్చి తీసుకపోండి."

పోతిమి. మిల్లుకు రంగులేసినారు, మామిడాకులు కట్టినారు. మిషన్ ఉత్తదే తిప్పి సూస్తాండారు, ఇంకా ఒక గింజ ఏయలేదు; ఏసేదానికి కొత్త సరుకు సాలడంల్యా. యశ్వంత్ ఎదురొచ్చి, "ఆంటీ, ఏటా ఈ మిల్లుకే కాయలు తెచ్చే మీ పదకొండు ఇండ్ల నుంచి ఈసారి ఒక్క మూట కూడా రాలేదే? ఏమైంది?" అని అడిగినాడు.

ఇల్లు కాలి ఒకడేడుస్తాంటే చుట్టకు నిప్పడిగినట్ల. శెట్టి ఆ పక్కకు తిరుక్కున్యాడు.

మూటలు ఇప్పి సూసినా. ఎలక కొట్టలేదు, చెమ్మ తగల్లేదు, బంగారం మాదిరి ఉండాయి కాయలు. కానీ వచ్చే ఆరుద్రకు పాతబడిపోతాయి, సగం కూడా మొలవవు. మల్ల ఏటికి మేము ఇత్తనం యాడ తేవల్ల? తిక్కయ్య నా మొగం సూసినాడు. నేను తల ఊపినా.

"రాకేమి నాయనా, వచ్చినాయి. మీకంటే ముందే వచ్చి మీ గోడౌన్లో కూర్చున్యాయి" అని, ముగ్గురు హమాలీల పని నేనొక్కదాన్నే సేసినట్ల మూడు మూటలూ ఈడ్చుకపోయి మిషన్ నోట్లో నా చేత్తోనే పోసినా. ఇత్తనం కాయలు ఇంట్లో ఆకలేసినా ముట్టనిదాన్ని నేను.

పరాయి దేశమాయన కొన్న మిల్లులో మొదట దిగిన నూనె నా మూడెకరాల ఇత్తనానిదే.