ట్రిమ్ చక్రం మీది చెయ్యి

“ఈవేళ వద్దు సార్. దాని చెయ్యి మళ్లీ ఆ చక్రం మీదికే పోతుంది,” అన్నాను.

నా కూతురు మొదటిసారి ఒంటరిగా విమానం నడపబోతోంది. రెండే సీట్ల చిన్న విమానం. ఇంకా తలుపైనా వేసుకోలేదు. విమానం నేర్పే సారు ఆఫీసు గదిలో రేడియో పక్కన కూర్చుని టీ ఊదుకుంటున్నారు.

“ఏమ్మా, ఇంట్లో పొయ్యి వెలిగించడానికి కూడా ఇంత భయపడతారా?”

“ఆరిన అగ్గిపుల్లను కూడా నీళ్లలో ముంచి పారేస్తాను సార్.”

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నేను ఎనిమిదో తరగతితో ఆగిపోయినదాన్ని. అయినా ఆ చక్రాన్ని ట్రిమ్ అంటారనీ, విమానం ముక్కు పైకి నిలవాలన్నా కిందికి వాలాలన్నా అదే సర్దుతుందనీ తెలుసు. మా ఆయన వెనక గదిలో కంప్యూటర్ ముందు అలాంటిదే బిగించుకున్నారు. నిజం విమానం ఒక్కసారీ ఎక్కని మనిషి. మిక్సీలు బాగుచేసే దుకాణం మూసి వచ్చి, తెర మీది బొమ్మ విమానంలో ఊళ్లకు ఊళ్లు దాటేవారు. పదేళ్ల పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, “హ్యాండిల్‌తో కుస్తీ పట్టకు తల్లీ, చక్రం తిప్పు. ముక్కు అదే లేస్తుంది, అదే దిగుతుంది,” అని నేర్పారు. ఆ బొమ్మ హ్యాండిల్ వెనక ఉన్నది స్ప్రింగు. ఎంత వేగంలో పోయినా అదే బిగువు. వదిలేస్తే మధ్యకొచ్చి నిలబడుతుంది. అక్కడ ఆ పద్ధతి చక్కగా సాగింది.

రెండేళ్ల కిందట ఆయన ఆ కంప్యూటర్ ముందు కుర్చీలోనే పోయారు. నేను కాఫీ పట్టుకెళ్లేసరికి తెర మీద విమానం ఇంకా ఎగురుతూనే ఉంది. తిన్నగా, ఎవరూ పట్టుకోకుండా. ట్రిమ్ సరిగ్గా కుదిరితే అలాగే పోతుందని తర్వాత పిల్ల చెప్పింది. ఇప్పటికీ ఆ గదిలోంచి చక్రం తిరిగిన చప్పుడు వినిపిస్తుంది నాకు. “బల్లి అమ్మా,” అంటుంది అది.

నిజం విమానంలో గాలి బరువు హ్యాండిల్‌లోంచి చేతికి తెలుస్తుందట. ముందు చేత్తోనే ముక్కును కావలసినచోట నిలబెట్టాలి. తర్వాత ఆ బరువు పోయేదాకా చక్రం తిప్పుకోవాలి. చక్రం ఉన్నది మోత దించడానికి, నడపడానికి కాదు. సారు మొదటివారమే కసిరారట, “ఎవరమ్మా నీకీ దరిద్రపు అలవాటు నేర్పింది?” అని. పిల్ల వాళ్ల నాన్న పేరు ఎత్తలేదు. ఆ రాత్రి అన్నం తింటుంటే చూశాను. ఎడమచెయ్యి కుర్చీ పక్కకు జారి, బొటనవేలు ఏదో తిప్పుతోంది. అచ్చం ఆయన తిప్పినట్టే. అది దాని చెయ్యేనా అని అప్పట్నుంచీ నాకు అనుమానం.

విమానం బాగానే లేచింది. ఒక చుట్టు తిరిగి దిగడానికి వచ్చింది. నేల ఇంకా కాస్త దూరం ఉందనగా కుక్క ఒకటి రన్‌వేకి అడ్డంగా పరిగెత్తింది.

“దిగకు! పైకి పో!” సారు మైకులో అరిచారు.

ఇంజను హోరుమంది. ముక్కు ఒక్కసారిగా ఎగదన్నింది. సారు లేచి నిలబడ్డారు. టీ ఒలికింది.

“ఏమైంది సార్?”

“దిగేటప్పుడు ట్రిమ్ ముక్కు పైకి పెట్టుకుంటాం. దానిమీద పూర్తి ఇంజను ఇస్తే ఇలాగే లేస్తుంది. ముందు హ్యాండిల్‌ను బలంకొద్దీ అవతలికి నెట్టాలి. చక్రం తిప్పుతూ కూర్చుంటే...” మిగతాది మింగేశారు.

మిగతాది నాకు తెలుసు. వేగం చచ్చి కింద పడుతుంది. తెర మీద ఎన్నిసార్లు పడలేదు! పడితే ఆయన ఒక మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టేవారు.

“నెట్టు! మాట్లాడమ్మా!” సారు మళ్లీ మైకులో అరిచారు.

రేడియోలో బర్రుమనే చప్పుడే. నేను కిటికీ ఊచలు పట్టుకున్నాను. దేవుడు గుర్తు రాలేదు.

“వదలండి,” అన్నాను పైకే. “దాని చెయ్యి వదిలెయ్యండి. మీకు పుణ్యముంటుంది.”

సారు తిరిగి నావైపు చూశారు. ఎవరితో మాట్లాడుతున్నానని అడగలేదు.

ముక్కు కొంచెం దిగింది. ఆగింది. ఇంకొంచెం దిగింది. విమానం మా కప్పు మీదుగా పోతుంటే అద్దాలు అదిరాయి. సారు మూడుసార్లు పిలిచారు. బదులు లేదు. అది దూరంగా చుక్కంతయి, మలుపు తిరిగింది. సారు నాలుగోసారి పిలవలేదు. మైకు పట్టుకుని ఊరికే నిలబడ్డారు.

అప్పుడు రేడియో గరగరలాడింది.

“ఉన్నాను సార్. రెండు చేతులా నెట్టాల్సొచ్చింది, మైకు తియ్యడానికి చెయ్యి మిగల్లేదు.” దాని ఊపిరి వినిపిస్తోంది. “ముందు చక్రం మీదికే పోయింది సార్ చెయ్యి. వెనక్కి లాక్కున్నాను.”