పదకొండు ‘లేదు’లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధంతా చెప్పుకుంటుంది. నిజమే. బట్టలు కుట్టేవాణ్ణి. ‘పాత కొలతలే వేసెయ్యండి మాస్టారూ’ అన్నవాడి మీద చివాలున లేస్తాను. మనిషి ఆర్నెల్లకే మారిపోతాడు, పాత కొలతేం సరిపోతుంది? మళ్లీ కొలిస్తే గానీ గుడ్డ మీద కత్తెర పెట్టను.

ఇంత గొప్పలు పోయే నేను వెలగబెట్టిన నిర్వాకం ఇది.

మా అక్కా నేనూ ఒకే కొట్లో పనిచేస్తాం. మిషను నాది, కాజాలూ గుండీలూ అక్కవి. అక్కకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని తేలింది. వచ్చే గురువారం ఆపరేషన్ అన్నారు.

సోమవారం పొద్దున నా ఫోనుకు ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది. ‘మీ ఆరోగ్య వివరాలు మా వెబ్‌సైట్‌లో చూసుకోండి, తప్పులుంటే తెలియజేయండి’ అని. పని వేళ ఇదొకటా అని ఫోను పక్కన పడేశాను. అక్క ఊరుకోలేదు.

“చదవరా. నా ఒంటి గురించి వాళ్లేం రాసుకున్నారో నేను తెలుసుకోవద్దూ?”

“నువ్వే చదువుకో.”

“నా ఒళ్లో పన్నెండు చొక్కాలున్నాయి. చదువు.”

చదివాను. ఎత్తు గురించి పేచీ లేదు. బరువు వినగానే అక్క, “అది చెప్పులతో తూచింది” అంది. “ఏం, ఇనప చెప్పులా?” అన్నాను. ఆ తరవాతి ప్రశ్న, కళ్లజోడు వాడతారా? జవాబు, లేదు. అక్క తన కళ్లజోడు పైనుంచి నావంక చూసింది. ఇద్దరం పగలబడి నవ్వాం.

“ఏ పుణ్యాత్ముడు రాశాడో!” అన్నాను.

దాని కిందది, ఏదైనా మందు పడకపోవడం ఉందా? జవాబు, లేదు.

అక్క చేతిలో సూది ఆగిపోయింది.

“లేదంటావేంట్రా? ఆ పళ్ల డాక్టరు దగ్గర నాకేమయింది మరి?”

ఎనిమిదేళ్ల కిందటి సంగతి. పన్ను వాచిందని వెళ్తే ఇంజెక్షన్ చేశారు. రెండు నిమిషాల్లో పెదాలు ఉబ్బి, ఊపిరాడక, అక్క కుర్చీలోంచి జారిపోయింది. ఆ డాక్టరు క్షణం ఆలస్యం చెయ్యకుండా విరుగుడు ఇచ్చి బతికించాడు. అప్పటినుంచి ఇంట్లో దాన్ని ‘ఆ ఇంజెక్షన్’ అంటాం. పేరేమిటని అడగాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “మనుషుల ప్రాణాలంటే ఆటలా వీళ్లకి? అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా? ఎవడు రాశాడో వాణ్ణి నేను చూడాలి!” అంటూ ఆ జవాబు మీద వేలితో ఒక్క పోటు పొడిచాను. వివరాలు తెరుచుకున్నాయి.

సమాచారం ఇచ్చినవారు: రోగి తమ్ముడు.

మూడు వారాల కిందట అక్క రక్తపరీక్షకు లోపలికి వెళ్లినప్పుడు, కౌంటర్‌లో అమ్మాయి నా చేతికి ట్యాబ్ ఇచ్చి నింపమంది. అవతల మా కొట్లో కోటు ట్రయలుకు వచ్చినాయన కూర్చుని ఫోను మీద ఫోను చేస్తున్నాడు. పదకొండు ప్రశ్నలు. ఒక్కటీ చదవకుండా పదకొండింటికీ టకటకా ‘లేదు’ నొక్కేసి ఇచ్చేశాను. పాత కొలతలు ఒప్పుకోనివాణ్ణి, అసలు కొలవకుండానే కోసేశాను. అదీ మా అక్క విషయంలో.

“నేనే అక్కా,” అన్నాను. తలెత్తలేకపోయాను.

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సూదిని చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. “కుట్టు తప్పితే విప్పుతాం కదా. విప్పు,” అంది.

విప్పాలంటే మందు పేరు కావాలి. అదే వెబ్‌సైట్‌లో ‘ఇతర వైద్యుల దగ్గరి పాత రికార్డులు’ అని కనిపిస్తే నొక్కాను. అక్క ఫోనుకు ఓటీపీ పంపామంది. ఆ ఫోనేమో గుండీల డబ్బాలో కూరుకుపోయింది. తవ్వి తీసేసరికి గడువు దాటింది. మళ్లీ అడిగాం. ఈసారి అక్క అంకెలు చదువుతుంటే ఒక్కొక్కటీ చూసుకుని కొట్టాను.

పళ్ల డాక్టరు చేత్తో రాసిన కాగితం వచ్చింది. తేదీ, మందు పేరు, కింద గీత గీసి మరీ ‘మళ్లీ ఎప్పుడూ ఇవ్వరాదు’ అన్న మాట. ఆ కాగితం పారేయకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించిన మనిషెవరో, వాళ్ల ఇల్లు చల్లగా ఉండాలి. ఆ పేరు రాసి ఆసుపత్రికి పంపాను. తరవాత పదకొండు ప్రశ్నలూ అక్కని ఒక్కొక్కటిగా అడిగి దిద్దాను.

మధ్యాహ్నం నర్సు ఫోను చేసింది. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను.

“మంచిపని చేశారమ్మా. ఆపరేషన్ ముందు మేం ఇచ్చేది ఆ కోవలోని మందే. ఆ రోజు మళ్లీ అడుగుతాం గానీ, ‘ఏదో ఇంజెక్షన్’ అంటే మేం ఏదని మానేస్తాం? ఇప్పుడు పేరు తెలిసింది, వేరేది ఇస్తాం.”

“నీ కడుపు చల్లగా తల్లీ,” అంది అక్క.

నేను ఆ ఫోనుకే రెండు చేతులూ జోడించాను. అక్క చూసింది, నవ్వలేదు.

గురువారం అక్క మణికట్టుకు ఎర్రపట్టీ కట్టారు. దాని మీద ఆ మందు పేరు. బయట బెంచీ మీద కూర్చుని ఆ పళ్ల డాక్టరుకూ, నర్సుకూ, చదవరా అని పోరిన అక్కకూ ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో లెక్కలేదు. అక్క క్షేమంగా బయటికొచ్చింది.

మర్నాడు ఇంటికి పంపే ముందు నర్సు మళ్లీ అలాంటి ట్యాబే తెచ్చి నా చేతిలో పెట్టింది. మంచం అంచున కూర్చుని, కళ్లజోడు తుడిచి అక్కకు పెట్టి, మొదటి ప్రశ్న పైకి చదివాను.

“ఇంట్లో మిమ్మల్ని చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారా?”

అక్క నా మొహంలోకి చూసింది.

“ఉన్నాడు,” అంది. “కాస్త తొందర మనిషి. అయినా ఉన్నాడని నొక్కరా.”

కళ్లు తుడుచుకుని, సరిగ్గా చూసుకుని, నొక్కాను.